సాక్షి లేని గాయం

  ఎవరి స్మారకోపన్యాసానికి మనం ఇక్కడ కూడామో ఆ వైద్యుడు జీవితమంతా ఒకే జిల్లా కేంద్రంలో సాధారణ వైద్యం చేశారు. ఆయన మానసిక వైద్యంలో పట్టా పుచ్చుకున్నవారు కారు. అయినా ఆ చుట్టుపక్కల మనసు చెదిరిన మనిషిని ఇంట్లోవాళ్లు మొదట తీసుకువెళ్లింది ఆయన దగ్గరికే. కారణం తేలిక: ఆయన గుమ్మం తొక్కితే ఎవరూ వేలెత్తి చూపేవారు కారు. జ్వరానికి వచ్చారేమో అనుకునేవారు. ఆ సౌకర్యాన్ని మించిన వైద్యం అప్పట్లో ఆ ఊళ్లో లేదు. ఆయన గుణగణాలు మీకు నాకంటే బాగా తెలుసు. అందుచేత ప్రశంస జోలికి పోకుండా, ఆయన గది తలుపు మూశాక మాత్రమే నోరు విప్పగలిగిన ఒక బాధ గురించి ఈ సాయంత్రం మాట్లాడదలచుకున్నాను.

తన శరీరాన్ని తానే గాయపరచుకునే మనుషులున్నారు. వీరిలో ఎక్కువమంది కౌమారంలోనూ తొలి యౌవనంలోనూ ఉన్నవారు. అందరూ చావును కోరుకుని ఆ పని చేయరు. భరించలేని దుఃఖమో కోపమో తన మీద తనకు అసహ్యమో ఉప్పెనలా వచ్చినప్పుడు, దాన్ని కాసేపు ఆపడానికి ఇంకో దారి తెలియక చేస్తారు. ఆ ఊరట నిలవదు, బాధ మళ్లీ వస్తుంది, వెంట సిగ్గునూ తెస్తుంది. అలా చేసేవారికి ముందుముందు ప్రాణాపాయం ఎక్కువ కాబట్టి దీన్ని చిన్న విషయమని కొట్టిపారేయడానికి వీల్లేదు. అమెరికన్ వైద్యుడు కార్ల్ మెనింజర్ 1938లోనే ఈ ప్రవర్తనను ఆత్మహత్య నుంచి విడదీసి చూశాడు. ఇందులో తనను తాను కాపాడుకునే ప్రయత్నం కూడా ఉందన్నాడు. అయినా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన నిర్ధారణ గ్రంథంలో దీనికి విడిగా చోటివ్వడానికి 2013 దాకా ఆగింది. అప్పుడూ ఇచ్చింది 'ఇంకా అధ్యయనం జరగవలసినవి' అన్న విభాగంలోనే. వైద్యశాస్త్రమే ఇంత నిదానంగా నడిచినప్పుడు ఊరూ ఇల్లూ తడబడ్డాయంటే ఆశ్చర్యం లేదు.

తడబాటుకు అజ్ఞానం ఒక్కటే కారణమని మాత్రం నేను ఒప్పుకోను. మన సమాజానికి గాయం కొత్త కాదు, నొప్పి కొత్త కాదు, శరీరాన్ని అర్పించడం కొత్త కాదు. సాక్షులున్న గాయాన్ని మనం గౌరవించాం. సాక్షి లేని గాయాన్ని ఒకప్పుడు నేరమన్నాం, తర్వాత పిచ్చి అన్నాం, ఇప్పుడు పరువు తక్కువ అంటున్నాం. ఈ ఉపన్యాసంలో నేను నిలబెట్టదలచుకున్న వాదం ఇదే.

శ్రీశైలం వెళ్లినవారు వీరశిరోమండపం పేరు వినే ఉంటారు. 14వ శతాబ్దంలో అనవేమారెడ్డి కట్టించాడు. శివుడికి తమ అవయవాలను, శిరస్సులను సైతం సమర్పించుకునే వీరభక్తుల కోసం రాజు శాసనం వేయించి మరీ కట్టించిన మండపం అది. తెలుగు నేల మీద ఎన్నో ఊళ్ల శివార్లలో ఆత్మార్పణ వీరుల శిలలు నేటికీ నిలిచి ఉన్నాయి. వాటికి పసుపు కుంకుమ పెట్టేవారున్నారు. ఇక వర్తమానానికి వస్తే, బోనాల్లో పోతురాజు కొరడాతో ఒళ్లు కొట్టుకుంటాడు. మొహర్రం పదో రోజున హైదరాబాద్ పాతబస్తీలో ఒంటిని గాయపరచుకుంటూ శోకించే మాతం జరుగుతుంది. వీరభద్రుడి ప్రభల ముందు నారసాలు పొడిపించుకునేవారిని మనలో చాలామంది చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆచారంలోని గాయాన్నీ నేను మాట్లాడుతున్న గాయాన్నీ ఒకే గాటన కట్టడం శాస్త్రానికి సరిపడదు, భక్తులకూ న్యాయం కాదు. పోతురాజు వేషం కట్టినవాడికి రోజు తెలుసు, హద్దు తెలుసు. చుట్టూ డప్పులుంటాయి, పసుపు పట్టించే చేతులుంటాయి, ఇంటికి తీసుకువెళ్లే మనుషులుంటారు. నొప్పికి ఒక పేరూ, ఒక వేళా, చూసే కళ్లూ ఉన్నాయి. అర్ధరాత్రి మూసిన గదిలో ఉన్న పిల్లకు వీటిలో ఏ ఒక్కటీ లేదు. నేను గమనించమనేది ఆ తేడానే. రక్తాన్ని చూసి బెదిరే జాతి కాదు మనది. అర్థం చెప్పుకోలేని రక్తాన్ని చూస్తే మాత్రం తలుపు వేసేస్తాం.

ఈ తలుపు సంగతి ఇంకోచోట మరింత బాధాకరంగా కనిపిస్తుంది. తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు విడిచిన యువకులను అమరవీరులుగా తలచుకుంటున్నాం. ఆ స్మృతిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పిల్లలలో ఎవరికైనా ఆ ముందు నెలల్లో నిద్ర పట్టిందా, ఎవరితోనైనా మాట్లాడుకున్నారా, ఆపడానికి ఎవరైనా దగ్గరున్నారా అని మనం అడగలేదు. అదే ఈడు పిల్లవాడు ఇంటర్ తప్పి కుంగిపోతే పిరికివాడన్నాం. ఒకచోట కీర్తి, ఇంకోచోట నింద. రెండు చోట్లా మనిషి మన కంటికి ఆనలేదు.

ఇప్పుడు చట్టం వైపు వద్దాం. ఆత్మహత్యాయత్నం మీద చట్టపు చరిత్ర పొడుగైనది. దాని నీడ నేను మాట్లాడుతున్న గాయం మీదా పడింది కాబట్టి చెప్పి తీరవలసినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషి నేరస్థుడు. ఏడాది దాకా సాధారణ ఖైదు విధించవచ్చు. ఈ ఆలోచన మన ధర్మశాస్త్రాల నుంచి వచ్చినది కాదు. ఇంగ్లండులో చర్చీ రాజూ కలిసి శతాబ్దాల తరబడి పెంచిన ఆలోచన. ప్రాణం దేవుడిది, దేహం రాజుది, రెంటినీ పాడుచేసే హక్కు మనిషికి లేదని. ఆ ఇంగ్లండు 1961లో తన చట్టాన్ని మార్చుకుంది. మన లా కమిషన్ కూడా 309ని తీసేయమని 1971లోనే చెప్పింది. జరగలేదు.

1980లలో కోర్టులలో ఈ సెక్షన్ మీద కదలిక వచ్చింది. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిని మనోవ్యాధికి లోనైన ఒక పోలీసు కానిస్టేబుల్ మీద బొంబాయిలో 309 కింద కేసు పెట్టారు. చట్టాన్ని అమలు చేయవలసిన మనిషే చట్టం చేతికి చిక్కాడు. ఆ కేసులో బొంబాయి హైకోర్టు సెక్షన్ చెల్లదన్నది. అది జరిగిన కొద్దికాలానికే, 1988లో, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుతుందన్నది. 1994లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ కేసు పిటిషనర్లలో ఒకరు, మన ఉత్తరాంధ్రలో చాలామంది ఎరిగిన నక్సలైటు నాయకుడు నాగభూషణ్ పట్నాయక్. రెండేళ్లు తిరగకుండా 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురి రాజ్యాంగ ధర్మాసనం సెక్షన్‌ను తిరిగి నిలబెట్టింది. 2008లో లా కమిషన్ తన 210వ నివేదికలో దీన్ని ఎత్తేయమని మళ్లీ చెప్పింది.

చివరకు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ తీరు మార్చింది. దాని 115వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే ముందుగా భావించాలి, విచారించి శిక్షించకూడదు. అతనికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వం బాధ్యత. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినప్పుడు 309 పూర్తిగా పోయింది. ప్రభుత్వోద్యోగి విధిని అడ్డుకోవడానికి ఆత్మహత్యాయత్నానికి దిగితే శిక్షించే 226వ సెక్షన్ మాత్రం మిగిలింది. 1860లో రాసింది చెరపడానికి నూట అరవై ఏళ్లకు పైగా పట్టింది. అంతకాలం ఒక పని నేరమై ఉంటే, అది చట్టం నుంచి పోయిన మర్నాడే మనుషుల మాటలో నుంచి పోదు.

అది ఎక్కడ మిగిలి ఉందో చూడాలంటే ఏదైనా పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో ఒక రాత్రి కూర్చోవాలి. బల్ల మీద ఇంటర్ చదివే అమ్మాయి. డ్యూటీ డాక్టరు కుట్లు వేస్తున్నాడు. 'గాజులు పగిలి గుచ్చుకున్నాయి సార్' అని తల్లి అడగకముందే రెండుసార్లు చెప్పింది. తండ్రి లోపలికి రాలేదు. వరండాలో ఔట్‌పోస్టు కానిస్టేబుల్ దగ్గర నిలబడి, కేసు రాయొద్దని, పిల్ల భవిష్యత్తు పాడవుతుందని బతిమాలుతున్నాడు. నర్సు మంచి మనిషే, అయినా 'ఇంత చదువుకుని ఇదేం పనమ్మా, అమ్మానాన్నల ముఖం చూడక్కర్లేదా' అంది. ఇటువంటివారికి మత్తివ్వకుండా కుట్లేస్తే మళ్లీ చేయరు అన్న మాట నా విద్యార్థి దశలో సీనియర్ల నోట విన్నాను. గంటన్నరలో కట్టు కట్టి పంపేశారు. ఆ గంటన్నరలో అక్కడున్న ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి మాట్లాడారు, ఆ అమ్మాయి తప్ప. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆమెకు అక్కడ మూడు మాటలు వినిపించి ఉంటాయి: నాటకం, బెదిరింపు, అందరూ తనను చూడాలన్న యావ. ఈ మూడో మాట గురించి కాస్త ఆగుదాం. తనను ఎవరైనా చూడాలని ఒక మనిషి కోరుకోవడంలో తప్పేముంది? ఆకలేసిన బిడ్డ ఏడ్చేదీ చూడమనే. నిజానికి ఈ బాధ ఉన్నవారిలో ఎక్కువమంది దాన్ని దాచుకుంటారు, చూపించుకోరు. దాచినా నిందే, బయటపడినా నిందే అయినప్పుడు ఆ పిల్ల ఏ దారిన పోవాలి?

మతి చలించిన మనిషిని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు మన చరిత్ర ఇచ్చిన జవాబు కూడా ఈ భయాన్ని పెంచింది. 20వ శతాబ్దపు తొలినాళ్ల దాకా ఈ దేశంలో పిచ్చాసుపత్రులు జైళ్ల అధికారుల అజమాయిషీలో ఉండేవి. 1912 చట్టం కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు మీద లోపల పెట్టేవారు. పోలీసు తీసుకురావడం, మేజిస్ట్రేటు పంపడం, గోడ వెనుక ఉండటం, ఇదీ వరస. ఇందులో వైద్యం ఏ మలుపులో మొదలవుతుందో చూసేవారికి తెలిసేది కాదు. 1946లో భోర్ కమిటీ లెక్క చూస్తే అవిభక్త భారతదేశం మొత్తానికి మానసిక రోగులకున్న మంచాలు దాదాపు పదివేలే. నిజాం రాజ్యపు ఆసుపత్రి జాల్నాలో ఉండేది. 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. ఆ తర్వాత హైదరాబాద్ మాటల్లో ఎర్రగడ్డ అంటే ఊరి పేరు కాకుండా పోయింది, తిట్టయింది. విశాఖలో పెద్ద వాల్తేరు ఆసుపత్రికీ అదే గతి పట్టింది. ఆ ఆవరణల్లో నిజాయితీగా పనిచేసిన తరాల వైద్యులకూ సిబ్బందికీ ఆ తిట్టు తగులుతూనే ఉంది.

ఆసుపత్రికి భయపడినవారు దర్గాకో గుడికో వెళ్లారు. వెళ్లడాన్ని నేను తప్పుపట్టను. చాలాచోట్ల అక్కడ దొరికే ఓదార్పు నిజమైనది. కానీ 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఏం జరిగిందో మరిచిపోవద్దు. గొలుసులతో కట్టేసి ఉంచిన రోగులు మంటల్లో చిక్కుకుంటే 28 మంది చనిపోయారు. ఆ గొలుసులను 2017 చట్టం ఏ రూపంలోనూ పనికిరావని నిషేధించింది.

ఇంటి సంగతి దీనికి విడదీయరానిది. మనవాళ్లు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తున్నామని చెప్పరు, నరాల డాక్టరు దగ్గరికి వెళ్తున్నామంటారు. మందుల చీటీ పైన ఆసుపత్రి పేరున్న భాగాన్ని కత్తిరించి, పక్క ఊరి మెడికల్ షాపులో మందులు కొనే తల్లిదండ్రులను నేను ఎరుగుదును. వాళ్లను కఠినులనడానికి నాకు నోరు రాదు. వాళ్ల భయానికి ఆధారం ఉంది. 1955 హిందూ వివాహ చట్టం మనోవ్యాధిని పెళ్లికి ఆటంకంగానూ విడాకులకు కారణంగానూ రాసిపెట్టింది. మూర్ఛవ్యాధిని కూడా ఆటంకాల జాబితాలో చాలాకాలం ఉంచి 1999లో తొలగించారు. చట్టపు పుస్తకంలో ఉన్నదే పెళ్లిచూపుల గదిలోనూ ఉంటుంది. పెద్దపిల్లకు వైద్యం చేయిస్తే చిన్నపిల్లకు సంబంధం రాదేమోనన్న లెక్క ఏ తల్లీ బయటికి చెప్పదు. ప్రతి తల్లీ వేసుకుంటుంది. 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో మానసిక సమస్యలున్నవారిలో, సమస్యను బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. వైద్యుల కొరత అందులో ఒక పాలు. కత్తిరించిన చీటీలది ఇంకో పాలు.

ఇంటినే నిందించి ఊరుకుంటే చరిత్రలో ఒక వెలుగును చూడకుండా పోతాం. దేశ విభజన తర్వాత అమృతసర్ మానసిక ఆసుపత్రిని డాక్టర్ విద్యాసాగర్ నడిపారు. కిక్కిరిసిన ఆ ఆవరణలో ఆయన ఒక సాహసం చేశారు. గుడారాలు వేయించి రోగుల కుటుంబాలను రోగులతో పాటు ఉండమన్నారు. రోజూ కుటుంబాలనూ రోగులనూ కూర్చోబెట్టి, మనసుకు జబ్బు ఎలా వస్తుందో, ఇంట్లో ఏం మాట్లాడాలో చెప్పేవారు. నయమైన మనిషి ఇంటికి తిరిగి వెళ్లినప్పుడు, ఆ ఇంటికి అతని జబ్బు ఏమిటో తెలిసి ఉండేది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల కూడా 1950లలోనే కుటుంబంతో కలిపి చేర్చుకునే పద్ధతి పెట్టింది. పాశ్చాత్య దేశాల్లో రోగిని ఇంటి నుంచి విడదీయడమే వైద్యమనుకుంటున్న రోజులవి. మనవాళ్లు కనుక్కున్న పద్ధతి మన స్వభావం నుంచే వచ్చింది: బాధను కళ్లతో చూసిన ఇల్లు దాన్ని దాచదు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనా, మన అనంతపురానికి ఆనుకుని ఉన్న బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా వైద్యం అందించి చూసినా, అన్నిటి వెనుకా ఉన్నది ఈ ఆలోచనే. సాక్షిని గుడిలో కాకుండా వైద్యంలో సంపాదించడం.

అయితే సాక్షి అందరికీ ఇంట్లో దొరకడు. ఇల్లే బాధకు మూలమైన పిల్లలున్నారు. హాస్టల్ గదే ఇల్లయిన పిల్లలున్నారు. కార్పొరేట్ కళాశాలల వ్యవస్థ పుట్టి పెరిగింది మన తెలుగు నేల మీదే కాబట్టి ఈ రెండో విషయంలో మన బాధ్యత ఎక్కువ. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టి, ర్యాంకులను గోడకెక్కించి, తగ్గినవాడిని అందరిలో నిలబెట్టడం ఇక్కడ బోధనా పద్ధతిగా చలామణి అయింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని స్పష్టంగా చెప్పి, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందకు తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హతగల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. పదిమందిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనబడేలా రాయాలి. ఒక తెలుగు నగరంలోని విషాదం నుంచి దేశానికి నియమం పుట్టింది. దాన్ని మనమే మొదట పాటించకపోతే మనకు ముఖం ఉండదు.

మన లెక్కల పుస్తకం గురించి ఒక్క మాట. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా మరణాలు లెక్కిస్తుంది. 2022లో ఆత్మహత్యలు 1,70,924. బతికి గాయంతో తిరిగే మనిషికి ఆ పుస్తకంలో గడి లేదు. గడి లేనిచోట నిధులుండవు, నియామకాలుండవు. ఆ లెక్కను కట్టడం కూడా నేర గణాంకాల సంస్థకు కాకుండా ఆరోగ్యశాఖకు అప్పగించవలసిన పని అని నా అభిప్రాయం.

సభలో వైద్య విద్యార్థులున్నారు, కళాశాలల అధిపతులున్నారు, తల్లిదండ్రులున్నారు. వైద్య విద్యార్థులను నేను కోరేది ఇది. రేపు క్యాజువాలిటీలో మీ ముందుకు అటువంటి గాయం వచ్చినప్పుడు అందరికీ ఇచ్చినట్టే మత్తు ఇవ్వండి, అందరికీ వేసినంత శ్రద్ధగా కుట్లు వేయండి. బంధువులను కాసేపు బయట ఉండమని చెప్పి, 'ఈమధ్య చాలా కష్టంగా ఉందా? ప్రాణం మీదికి తెచ్చుకోవాలనిపిస్తోందా?' అని మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం వద్దు. ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు చెప్పాయి. ఆ తర్వాత మానసిక వైద్య విభాగానికి చీటీ రాయకుండా పంపకండి. తల్లిదండ్రులకు నా మనవి: గాయం కనిపించిన వెంటనే ఒట్లు పెట్టించుకోకండి, ఏడ్చి బెదిరించకండి, ఫోన్లూ పుస్తకాలూ సోదా చేయకండి. పక్కన కూర్చోండి. వైద్యుడి దగ్గరికి మీరే వెంట వెళ్లండి. మందుల చీటీని కత్తిరించకండి. 2017 చట్టం ప్రకారం బీమా సంస్థలు ఒంటి జబ్బులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలి. అది మీ హక్కు, అడిగి తీసుకోండి.

కళాశాలల అధిపతులకు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడతారు. తమకు బాధగా ఉన్నవారే కాదు, బిడ్డ గురించి బెంగపడే తల్లీ, స్నేహితుడి గురించి భయపడే విద్యార్థీ కూడా చేయవచ్చు. ర్యాంకుల బోర్డు ఉన్న ప్రతి గోడ మీదా, అంత పెద్ద అక్షరాలతోనే, ఈ వారంలోగా ఆ నంబరు రాయించండి.